మనోడే కదా అక్కా! (వెనక బెంచీ కబుర్లు – 9)



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. పైగా మనవాళ్లలో కొందరికి రుచించదు. అయినా రాయాల్సిందే. ఈ ఏడాది నేను వెళ్లిన హైస్కూళ్లలో, హాస్టళ్లలో ఏదో ఒక రూపంలో ఇదే ఎదురైంది. ఆడపిల్లల మీద మగపిల్లల మాటలు, చేతులు, ఫోన్లు. చేసేది బయటి రౌడీలు కాదు, పక్క బెంచీలో కూర్చునే పదమూడేళ్ల, పద్నాలుగేళ్ల వాళ్లు.

టీచర్లు దీన్ని అల్లరి అంటారు. పేపర్ల వాళ్లు ఆకతాయిల వేధింపులంటారు. పోలీసులు సెక్షన్ నెంబర్లు చెబుతారు. ఆడపిల్లలు మాత్రం కడుపునొప్పి అంటారు. వారానికి రెండు రోజులు కడుపునొప్పని బడి ఎగ్గొట్టే పిల్ల కనబడితే నేను ముందు ఆసుపత్రి గురించి అడుగుతా, తర్వాత ఆటో గురించి, మెట్ల గురించి, బాత్రూమ్‌కి పోయే దారి గురించి అడుగుతా. చాలాసార్లు రెండో ప్రశ్న దగ్గరే పిల్ల తల దించేసుకుంటుంది.

ఒక సంగతి చెబుతాను. పోయినేడాదిది. స్కూలు పేరు, ఊరి పేరు చెప్పను, పాప కోసం. జిల్లా పరిషత్ హైస్కూలు. ఎనిమిదో తరగతి. మన పల్లె పిల్ల. స్కూల్లో ఆటల పోటీల రోజు తీసిన గ్రూప్ ఫోటోలోంచి ఆ పిల్ల ముఖం కత్తిరించి, ఇంకెవరి ఒంటికో అతికించి, వాట్సాప్ గ్రూపులో తిప్పారు. గ్రూపులో పదకొండు మంది. చేసింది నలుగురు. మిగతా ఏడుగురూ నవ్విన బొమ్మలు పెట్టారు. ఆ నలుగురిలో ఇద్దరు ఊళ్లో పెద్ద కులాల పిల్లలు. ఇద్దరు మన పల్లె పిల్లలు. మన ఇద్దరిలో ఒకడు ఆ పాపకి వరసకి అన్న.

హెడ్‌మాస్టరు గారు ఏం చేశారంటే, పాపని స్టాఫ్ రూమ్‌లో నిలబెట్టారు. లోపలికి వచ్చిన ప్రతి టీచరూ "ఏమైందమ్మా" అని అడగడం, ఆ పిల్ల మళ్లీ మొదటి నుంచి చెప్పడం. ఐదుసార్లు చెప్పిందట. సాయంత్రం తండ్రుల్ని పిలిచి పంచాయితీ పెట్టారు. ఊరి పిల్లలిద్దరూ "చిన్నపిల్లలు, తెలీక చేశారు", కాబట్టి సారీ చెప్పించారు. పల్లె పిల్లలిద్దరికీ టీసీ. "వీళ్ల సావాసం వల్లే మిగతావాళ్లు చెడిపోయారు" అని ఒక సారు అన్నారట. పాప సంగతికొస్తే, కొన్నాళ్లు ఇంటి దగ్గరే ఉంచండి, గొడవ చల్లారాక చూద్దాం అన్నారు.

లెక్క చూడండి. తప్పు చేసింది నలుగురు. నష్టపోయింది ఒకరు. మరుసటి రోజు క్లాసులో ఖాళీ అయిన సీట్లు మూడు. ఆ మూడూ పల్లె పిల్లలవే.

పల్లెలో యూత్ నాయకుడు ఒక తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. మంచివాడే. అంబేడ్కర్ విగ్రహం కోసం లాఠీ దెబ్బలు తిన్నవాడు. "అక్కా, మన పిల్లలిద్దరికీ టీసీలిచ్చి పంపేశారు. ఊరోళ్ల పిల్లల్ని ముట్టుకోలేదు. ధర్నా చేద్దాం, మీరు రావాలి" అన్నాడు. వస్తానన్నాను. "మరి ఆ పాప ఎవరు తమ్ముడూ?" అని అడిగాను.

"పాప కూడా మనోళ్ల పిల్లే అక్కా. అది వేరే విషయం. ఇంట్లో సర్దుకుంటాంలే. ఎంతైనా మనోడే కదా అక్కా."

ఈ మాట మీదే ఈ పోస్టు.

ఆ మాట వెనక చరిత్ర ఉంది, దాన్ని తీసిపారేయలేం. చుండూరు గుర్తు తెచ్చుకోండి. 1991 జులైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటు వాడికి తగలడంతో మొదలైన గొడవ, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపేదాకా పోయింది. అప్పుడు గట్టిగా ప్రచారమైన మాట ఏంటి? దళిత కుర్రాళ్లు మా ఆడవాళ్లని టీజ్ చేస్తున్నారు, అని. ఊచకోతకి ఆ మాటనే సాకుగా చూపించారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఇంత చూసినవాళ్లం, చదువుకునే మన కుర్రాడి మీద "ఆడపిల్ల విషయం" అని ఎవరన్నా అంటే ముందు అనుమానమే పడతాం. పడాలి కూడా. ఈ రోజుకీ పెద్ద కులం అమ్మాయితో మాట్లాడినందుకు మన పిల్లాడి మీద పోక్సో పెట్టించే తండ్రులున్నారు. మన అమ్మాయిని ఏడిపించిన పెద్ద కులం అబ్బాయి విషయంలో అదే పోక్సో పేరు స్టేషన్లో ఎవరికీ గుర్తురాదు.

2020 మేలో ఢిల్లీలో "బాయిస్ లాకర్ రూమ్" అని ఇన్‌స్టాగ్రామ్ గ్రూపు బయటపడింది. బాగా డబ్బున్న బడుల పిల్లలు తోటి అమ్మాయిల ఫోటోలు పెట్టుకుని మాట్లాడుకున్న గ్రూపు. దేశమంతా చర్చ జరిగింది. వాళ్ల కులం గురించి, వాళ్ల పేటల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే పని సోషల్ వెల్ఫేర్ హాస్టల్ పిల్లాడు చేస్తే "హాస్టల్ పిల్లలు కదండీ" అంటారు.

ఇదంతా నిజమే. కానీ ఈ నిజంలో ఆ పాప ఎక్కడుంది? చుండూరు గాయం పేరు చెప్పి, మన పిల్ల మీద మన పిల్లాడు చేసిన పనిని "వేరే విషయం" అంటే, ఆ గాయాన్ని ఆ పిల్ల చేతే ఇంకోసారి మోయిస్తున్నాం. మనోడే కదా అన్నప్పుడు, మనది కాదా ఆ పిల్ల?

ధర్నాకి ముందు పాప వాళ్లింటికి వెళ్లాను. తల్లి మిర్చి కోతలకి పోతుంది. ఆమె అన్నమాట అన్నట్టుగా రాస్తున్నా: "రేపు పంపు కాడ ఆ పిల్లోడి అమ్మా నేనూ పక్కపక్కనే బిందెలు పెట్టుకోవాలమ్మా. కేసంటే ఎట్టా? కేసొద్దంటే నా పిల్ల మళ్లా ఆ క్లాసులోకి ఎట్టా పోద్ది?" నా దగ్గర వెంటనే చెప్పే జవాబు లేదు. కేసు అనగానే ఆమె కళ్లకి జైలు కనబడుతుంది. స్కూలు వాళ్లకి పేపర్లో పేరు కనబడుతుంది. మనవాళ్లకి పోలీసు జీపు కనబడుతుంది. ముగ్గురికీ చట్టం తెలియదు. అందుకని కాసేపు చట్టం మాట్లాడతా, ఓపిక పట్టండి. బీఈడీ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇది మరీ ముఖ్యంగా చదవండి.

పోక్సో చట్టం (2012) ప్రకారం 18 ఏళ్లు నిండని ఎవరి మీదైనా, అబ్బాయైనా అమ్మాయైనా, లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. ఇది 19వ సెక్షన్. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. సంస్థకి బాధ్యుడైన మనిషి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా జైలు. అంటే స్టాఫ్ రూమ్‌లో పంచాయితీ పెట్టి సారీలు చెప్పించే అధికారం హెడ్‌మాస్టరుకి ఎవరూ ఇవ్వలేదు. పల్లె పెద్దలకీ లేదు. నాకూ లేదు. ఇక ఆ పిల్లని ఐదుసార్లు చెప్పించడం చూడండి. పాప వాంగ్మూలం ఇంటి దగ్గరగానీ, తను కోరుకున్న చోటగానీ, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలని 24వ సెక్షన్ చెబుతోంది. పోలీసులకే అంత జాగ్రత్త చెప్పిన చట్టం, టీచర్లు వరసగా అడగడాన్ని ఒప్పుకుంటుందా?

చేసినవాళ్లూ పిల్లలే. వాళ్లకి జువెనైల్ జస్టిస్ చట్టం (2015) వర్తిస్తుంది. లాకప్పు లేదు, జైలు లేదు, పేరు బయటపెట్టకూడదు. బోర్డు ముందుకి పోతారు. మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, పర్యవేక్షణ, ఇలాంటివి బోర్డు చెబుతుంది. తప్పు తప్పేనని పిల్లాడికి తెలియాలి, వాడి బతుకు మాత్రం పాడవకూడదు. ఆ చట్టం ఉద్దేశం అది.

ఇక టీసీ. విద్యాహక్కు చట్టం (2009) 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి గెంటేయడానికి వీల్లేదు. "తండ్రే సంతకం పెట్టి తీసుకున్నాడు" అంటారు. ఎలా పెట్టించారో మనకు తెలియదా?

అందుకని మేం చేసింది ఇది. ధర్నా వాయిదా వేయించాం. యూత్ తమ్ముడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. 1098కి ఫోన్ చేశాం. జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఒక మేడం వచ్చారు, సచివాలయం మహిళా పోలీసు కూడా ఉంది. పాప ఒక్కసారే చెప్పింది, ఇంట్లో, తల్లి పక్కన కూర్చుని. టీసీలు రద్దు చేయమని విద్యాహక్కు చట్టం పెట్టి అర్జీ ఇచ్చాం. అంటే ఒకే రోజు, ఒకే చేత్తో, మన పిల్లల మీద ఫిర్యాదూ రాశాం, మన పిల్లల చదువు కోసం అర్జీ కూడా రాశాం. "ఇదేం తిరకాసు అక్కా" అని చాలామంది అడిగారు. నాకందులో తిరకాసేమీ కనబడలేదు.

బోర్డు నలుగుర్నీ పిలిచింది. నలుగుర్నీ. ఊరి పెద్దలకి కోపమొచ్చింది అక్కడే. రెండు వారాలు ఆ తల్లికి కోతలకి పిలుపు రాలేదు. అట్రాసిటీ సెక్షన్ సంగతేంటని మీరు అడుగుతారు. 2015 సవరణలో ఎస్సీ, ఎస్టీ మహిళల పట్ల లైంగికమైన మాటలు, సైగలు, చేతలు కూడా నేరంగా చేరాయి. ఊరి పిల్లల విషయంలో అదీ చూడమని అడిగాం. బోర్డు ముందున్న విషయం కాబట్టి ఇంతకంటే రాయను.

క్లాసులో మార్చాల్సి వస్తే మగపిల్లల సెక్షన్ మార్చండి, పాప సీటు కదల్చొద్దని అడిగాం. ఇది చిన్న విషయంలా కనబడుతుంది. కానీ మన బడుల్లో గొడవైతే కదిలేది ఎప్పుడూ ఆడపిల్లే. సెక్షన్ మార్పు, తర్వాత బడి మార్పు, తర్వాత బడి మాన్పు, తర్వాత పెళ్లి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) చూస్తే, 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకుండా పెళ్లైనవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఆ శాతాల్లో ఎన్ని పెళ్లిళ్లు బడి దారిలో ఎవడో చెయ్యి పట్టుకున్నాడని చేసినవో ఎవరూ లెక్కపెట్టలేదు. "చెబితే బడి మానిపిస్తారు మేడం" అని నాకు చెప్పిన పిల్లలెందరో. వాళ్ల మౌనానికి కారణం సిగ్గు అనుకుంటాం. వాళ్లు చదువుని కాపాడుకుంటున్నారు.

సరే, చట్టం అయ్యింది. చట్టం వచ్చేసరికే ఆలస్యం. అంతకుముందు బడి ఏం చెయ్యాలి?

ఆడపిల్లలకి కరాటే నేర్పిస్తున్నారు. సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆత్మరక్షణ శిక్షణ ఉంది. మంచిదే, పిల్లలు ఇష్టంగా నేర్చుకుంటారు. మరి మగపిల్లలకి ఎవరి పేరుతో ఏముంది? దెబ్బ కాచుకోవడం నేర్పడానికి పథకం ఉంది, దెబ్బ కొట్టకుండా ఉండటం నేర్పడానికి పీరియడ్ లేదు. 2005లో కౌమార విద్యా కార్యక్రమం అని కేంద్రం ఒకటి తెచ్చింది. 2007 నాటికి సంస్కృతి పాడైపోతోందని కొన్ని రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. ఆ పాఠం ఆగింది, ఫోను ఆగలేదు. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పిల్లల అశ్లీల చిత్రాల కేసులో తీర్పు ఇస్తూ లైంగిక విద్య అవసరాన్ని మళ్లీ చెప్పింది. అలాంటివి దగ్గర పెట్టుకోవడం కూడా నేరమేనని ఆ తీర్పులోనే ఉంది. ఆ పదకొండు మంది గ్రూపులో ఒక్కడికైనా ఇది తెలుసా?

మగపిల్లలతో నేను మాట్లాడేటప్పుడు "ఆడవాళ్లని అక్కచెల్లెళ్లలా చూడండి" అని మొదలుపెట్టను. పెద్దలంతా అదే చెబుతారు. ప్రార్థనలో ప్రతిజ్ఞ చదివేటప్పుడు "సహోదరులు" అనే మాట దగ్గర వెనక వరసల్లో కిసుక్కున నవ్వు వినబడుతుంది, ఎప్పుడైనా గమనించండి. పైగా మన కథలో ఫోటో చేసింది వరసకి అన్నే. చుట్టరికం ఉంటేనే గౌరవం అంటే, చుట్టరికం లేని పిల్ల సంగతేంటి? కులం కాని పిల్ల సంగతేంటి? పెద్ద కులం కుర్రాడికి మన పిల్ల ఏ వరసా కాదు, ఎప్పటికీ కాదు. తోటి మనిషి అంటే చాలు.

నేను చీటీలు ఇస్తాను. పేర్లు వద్దు. ఒకే ప్రశ్న: "నీకు ఇష్టం లేకుండా ఎవరైనా నిన్ను ముట్టుకున్నారా, భయపెట్టారా?" ప్రశ్న మగపిల్లలకే. ముందు నవ్వుతారు. తర్వాత గది నిశ్శబ్దమైపోతుంది. ఒక హాస్టల్లో ఒక చీటీ ఇలా వచ్చింది: "రాత్రి సీనియర్లు గదికి పిలుస్తారు. చెబితే చంపుతామన్నారు." ఆ సాయంత్రమే సంరక్షణ అధికారికి చెప్పాం. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో మన రాష్ట్రం కూడా ఉంది. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పిన పిల్లలు 53.22 శాతం, వాళ్లలో సగం కంటే కాస్త ఎక్కువ మంది మగపిల్లలు. తనకి జరిగినదానికి పేరు తెలియని పిల్లాడికి, తను చేసేదానికి పేరు ఎట్లా తెలుస్తుంది? మగపిల్లాడు ఏడవకూడదని నేర్పినవాళ్లమే, వాడు ఇంకొకరి ఏడుపు చూసి నవ్వుతున్నాడని ఆశ్చర్యపోతున్నాం.

ఒక్క మీటింగ్‌తో ఏమీ కాదు. చీఫ్ గెస్టు, శాలువా, గంట ఉపన్యాసం, ఇవన్నీ ఫోటోల కోసం. హరియాణాలో 2014 నుంచి రెండున్నరేళ్ల పాటు 'బ్రేక్‌త్రూ' అనే సంస్థ ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి పదో తరగతి మధ్య పిల్లలతో ఆడా మగా సమానత్వం మీద క్లాసులోనే చర్చలు నడిపింది. 314 బడుల్లో కొన్నింట్లో నడిపి, కొన్నింట్లో నడపకుండా పోల్చి చూశారు. పిల్లల అభిప్రాయాలు మారాయి, కార్యక్రమం ఆగిన రెండేళ్ల తర్వాత కూడా ఆ మార్పు నిలిచింది. హరియాణాలో అయినది మన దగ్గర ఎందుకు కాదు? అడగాల్సింది మనం.

టీచర్ల నోళ్ల సంగతి కూడా చెప్పాలి. "నువ్వెట్లాగూ పెళ్లి చేసుకుని పోయేదానివే", "మీ పేటలో ఇవన్నీ మామూలేగా". ఇలాంటి మాట టీచరు నోట ఒక్కసారి వస్తే చాలు, వెనక బెంచీ వాడికి లైసెన్సు దొరికినట్టే. సినిమాల గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రాయను.

ఇక మన ఇల్లు. జనవరి 3న సావిత్రీబాయి పటానికి దండ వేస్తాం. 1848లో పూణెలో బడి పెట్టి, పాఠం చెప్పడానికి పోతుంటే దారిలో పేడ, మట్టి విసిరారని, ఇంకో చీర వెంట తీసుకెళ్లేదని ఉపన్యాసాల్లో చెబుతాం. ఆ ఉపన్యాసం అయ్యాక మీటింగ్‌కి వచ్చిన చెల్లెళ్లకి రాత్రి పదింటికి హాస్టల్ దాకా "తోడు" వచ్చే అన్నల గురించి ఎవరు మాట్లాడాలి? యూనివర్సిటీల్లో విద్యార్థి ప్రతినిధులతో ఫిర్యాదుల కమిటీ ఉండాలని యూజీసీ 2015లోనే నిబంధనలు పెట్టింది. మన విద్యార్థి సంఘాల్లో ఎన్నింటికి అలాంటి కమిటీ ఉంది? "ఉద్యమం పరువు పోతుంది చెల్లీ" అని ఆపినవాళ్లు నాకు తెలుసు. స్కూలు పరువు, ఊరి పరువు, పల్లె పరువు, ఉద్యమం పరువు. ఇన్ని పరువులు మోయడానికి దొరికేది ఎనిమిదో తరగతి పిల్ల నెత్తేనా?

యూత్ తమ్ముడు నాలుగో రోజు ఫోన్ చేశాడు. సారీ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. "మన ట్యూషన్ సెంటర్లో మగపిల్లలతో మాట్లాడతారా అక్కా, ఆదివారం" అన్నాడు. వెళ్లాను. ఇప్పుడు తనే నడుపుతున్నాడు, నెలకి రెండు ఆదివారాలు. బాగానే నడుపుతున్నాడు, మధ్యలో కాస్త ఉపన్యాసం ఎక్కువవుతుంది అంతే.

మీ ఊళ్లో మీరూ మొదలుపెట్టాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. ఒంటరిగా వెళ్లొద్దు, పిల్లలు నమ్మే ఒక టీచరుని వెంట ఉంచుకోండి, మహిళా టీచరైతే మంచిది. ఎవరైనా ఏదైనా చెబితే 1098కి ఎవరు ఫోన్ చేస్తారో వెళ్లేముందే అనుకోండి. "ఎవరికీ చెప్పను" అని పిల్లలకి మాటివ్వొద్దు, ఆ మాట నిలబెట్టుకునే వీలు చట్టంలో లేదు. "నీకు సాయం చేయగలిగిన వాళ్లకే చెబుతా" అనండి. చీటీల ఫోటోలు తియ్యొద్దు, గ్రూపుల్లో పెట్టొద్దు. నా దగ్గరున్న ప్రశ్నల కాగితం కావాలంటే ఇన్‌బాక్స్‌లో అడగండి, పంపిస్తాను.